రాతి వలయాల గుట్టు మట్టిలోనే!

నమోదైతేనే రక్షణ.. మెట్ట మండలాల్లో సర్వే అవసరం

నెల్లూరు: బీడు భూముల్లో వలయాకారంగా పాతిన గుండ్రాళ్లను తెలుగు పల్లెల్లో రాకాసి గుళ్లనీ, పాండవ గుళ్లనీ పిలుస్తారు. అంతటి బండలను కదిలించడం మానవమాత్రులకు సాధ్యం కాదన్న నమ్మకమే ఆ పేర్లకు మూలం. నిజానికి వాటిలో అత్యధికం ఇనుప యుగపు సమాధులు. వయసు రెండు నుంచి మూడు వేల ఏళ్లు.

తేలింది కొంతే..

తవ్వకాల్లో వలయాల నడుమ రాతి పలకల గదులు, ఎముకలు, నలుపు-ఎరుపు మట్టి పాత్రలు, ఇనుప పనిముట్లు బయటపడ్డాయి. అయితే సమాధులు దొరికినంతగా ఆ జనం నివసించిన ఊళ్లు దొరకలేదు. వారు ఏ భాష మాట్లాడారో తెలిపే రాతలూ లేవు. అసలు చిక్కుముడి ఇదే. దాన్ని విప్పగల ఆధారం రాళ్లలో కన్నా, వాటి కింద కదలని మట్టి పొరల్లోనే ఉంది.

రెండు ఉదాహరణలు

నాగార్జున సాగర్ నీటిలో లోయ మునిగిపోకముందే, 1954-60 మధ్య నాగార్జునకొండలో విస్తృతంగా తవ్వకాలు జరిపారు. ఒక బృహత్ శిలా సమాధిని కొండపైకి తరలించి పునర్నిర్మించారు. తెలంగాణలోని నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో పది అడుగులకు మించిన నిలువురాళ్లున్నాయి. ఒక రాతిపై చెక్కిన గుంటలు సప్తర్షి మండలాన్ని పోలి ఉన్నాయని పరిశోధకులు గుర్తించారు. ఈ స్థలం 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. పొలాల మధ్య రాళ్లు చెదరకుండా మిగలడం వల్లనే ఆ గుర్తింపు సాధ్యమైంది.

జాబితాలో లేకుంటే?

కేంద్ర రక్షిత స్థలానికి 100 మీటర్ల లోపు నిర్మాణాలు నిషిద్ధం. ఆపై మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 2010 నాటి చట్ట సవరణ ఇది. జాబితాకెక్కని వలయానికి మాత్రం ఈ కవచం వర్తించదు. గుప్తనిధుల వేటగాళ్ల గునపానికీ, పొలం చదును చేసే యంత్రానికీ అది ఒట్టి రాళ్ల కుప్పే.

నెల్లూరు తీరమంతా ఇసుక, ఒండ్రు నేల. ఇక్కడ రేవులు, రహదారులు, లేఅవుట్లు పెరిగేకొద్దీ కంకర కోసం పడమటి మెట్టపై ఒత్తిడి తప్పదు. అందుచేత క్వారీ అనుమతులకు ముందే ఉదయగిరి, రాపూరు వంటి మండలాల్లో గ్రామాలవారీగా పురావస్తు సర్వే జరగాలి. వలయం కనిపిస్తే రైతు తవ్వకుండా, తహశీల్దారుకు తెలియజేయాలి. అధికారులు సర్వే నెంబరుతో సహా నమోదు చేయాలి. ఇందుకయ్యే ఖర్చు స్వల్పం. ఒకసారి చెదిరిన మట్టి పొరను మాత్రం ఎంత వెచ్చించినా తిరిగి పేర్చలేం.