నోరు విప్పే పిల్లలు కావాలి

పాఠశాల వార్షికోత్సవం అనగానే మన ప్రాంతంలో తప్పనిసరిగా కనిపించే అంశం ఏకపాత్రాభినయం. అట్టతో చేసిన కిరీటం పెట్టుకుని, గద భుజాన వేసుకుని ఒక కుర్రాడు దుర్యోధనుడై వేదిక ఎక్కుతాడు. 1977లో వచ్చిన ‘దానవీరశూర కర్ణ’ చిత్రంలోని సంభాషణలను గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. చప్పట్లు మోగుతాయి, బహుమతి చేతికందుతుంది. అదే పాఠశాలలో వెనుక బల్ల మీద కూర్చుని, పేరు అడిగితేనే తల వంచుకునే పిల్లలు ఎందరున్నారో మాత్రం ఎవరూ లెక్క వేయరు. గరివిడి పరిసరాలలో పిల్లలకు అభినయం, ఉపన్యాస కళ నేర్పదలచిన వారు ముందుగా ఆలోచించవలసింది ఈ పిల్లల గురించే.

మాట్లాడగలగడం కేవలం సభాలంకారం కాదు. వైద్యునికి నొప్పి ఎక్కడో చెప్పడానికి, మండల కార్యాలయంలో ధ్రువపత్రం అడగడానికి, ఉద్యోగం కోసం ఇంటర్వ్యూలో నిలబడడానికి నోరు విప్పక తప్పదు. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఎవరైనా తప్పుగా ప్రవర్తిస్తే ‘వద్దు’ అని గట్టిగా అనడానికి, జరిగింది నమ్మిన పెద్దలకు చెప్పడానికి కూడా ధైర్యం కావాలి. పిల్లల రక్షణకు 2012లో పోక్సో చట్టం వచ్చింది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఫోను నంబరు ఉంది. అయితే చట్టం కదలాలన్నా, ఫోను మోగాలన్నా చాలాసార్లు మొదటి మాట పిల్లల నోటి నుంచే రావాలి. చెప్పలేకపోవడం పిల్లల తప్పు కాదు. చెప్పే అలవాటు, వినే అలవాటు రెండూ చేయకపోవడం పెద్దల తప్పు.

ఈ విద్య మన గడ్డకు కొత్త కాదు. ఆదిభట్ల నారాయణదాసు కాలికి గజ్జె కట్టి, ఒక్కరే నిలబడి కథలోని పాత్రలన్నిటినీ సభకు చూపించారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల ఏర్పడినప్పుడు దానికి ఆయనే తొలి ప్రిన్సిపాలు. బుర్రకథ చెప్పి మెప్పించిన కళాకారిణి గరివిడి లక్ష్మి పేరులోనే ఈ ఊరి పేరుంది. ఇటువంటి చోట పిల్లలు నలుగురిలో మాట్లాడడానికి జంకడం శోచనీయం.

ఆ జంకుకు ఒక కారణం మన నవ్వే. శిక్షణ అనగానే మొదట పిల్లల యాస మీద పడతారు. పిల్లవాడు ‘నాను’ అన్నా, ‘ఏటి’ అన్నా తరగతి గొల్లుమంటుంది. ఆ ఒక్క నవ్వుతో వాడు ఏడాది పొడుగునా నోరు మూసుకుంటాడు. ఊళ్ళో మనుషులు మాట్లాడే మాటలతోనే గురజాడ ‘కన్యాశుల్కం’ రాశారు. 1892లో విజయనగరంలో అది తొలిసారి వేదిక ఎక్కింది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి సిక్కోలు గడ్డ మీద పుట్టినవారే. వారి పేర సభలు జరిపే చోటనే పిల్లల మాటను వెక్కిరించడం న్యాయం కాదు. సభకు తగిన తెలుగు కావాలి, ఇంగ్లీషూ కావాలి. కాని అవి రెండో మెట్టు. తన మాటతో తాను నిలబడడం మొదటి మెట్టు.

సిగ్గరి పిల్లలకు ఏకపాత్రాభినయం నిజంగానే మంచి మందు. వేషం చాటున భయం కొంత దాగుతుంది. మాటలు పాత్రవి కనుక తడబడినా తన పరువు పోయినట్టు అనిపించదు. అయితే అక్కడితో ఆగితే మిగిలేవి చిలక పలుకులే. దుర్యోధనుడి తరువాత ఆ పిల్లవాడు సంతలో బేరమాడే అమ్మ కావాలి, షిఫ్టు దిగి వచ్చిన నాన్న కావాలి. ఆ మాటలు తానే కూర్చుకోవాలి. ఆపైన వేషం లేకుండా తానుగా నిలబడి తన సంగతి చెప్పాలి. మొదట ఇద్దరి ముందు, తరువాత అయిదుగురి ముందు, చివరకు తరగతి ముందు. బలవంతంగా వేదిక మీదకు లాగరాదు. నత్తి ఉన్న పిల్లల మాటను మధ్యలో అందుకుని పూర్తి చేయరాదు, ఓపికగా వినాలి.

మార్కులు వదిలి ఈ ఆటలేమిటని తల్లిదండ్రులు అడగవచ్చు. నలభై మంది ఉన్న తరగతిలో తలా రెండు నిమిషాలు ఇస్తే ఎనభై నిమిషాలు, అంటే వారానికి రెండు పీరియడ్లు. దీనివల్ల చదువు చెడదు. అర్థం కానిది అడగగలిగిన పిల్లవాడికి పాఠమూ బాగా వస్తుంది. కళలను బోధనతో జోడించాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెప్పింది.

2025 నవంబరు 26న అమరావతిలో విద్యార్థులతో నమూనా శాసనసభ జరిపారు. నియోజకవర్గానికొకరు మాట్లాడే అవకాశం పొందడం సంతోషించదగినదే. మిగిలిన వారి వంతు మాత్రం వారి వారి తరగతి గదులలోనే రావాలి. రుసుము కట్టి శిక్షణకు పంపగల ఇళ్ళ పిల్లలకే ఇది దక్కితే ప్రయోజనం సగమే.

గరివిడిలోని ప్రధానోపాధ్యాయులు, విశ్రాంత ఉపాధ్యాయులు, రంగస్థలం తెలిసిన పెద్దలు కలిసి ఈ పని ఇప్పుడే ప్రారంభించవచ్చు. ఇందుకు మైకు అక్కరలేదు, కిరీటం అక్కరలేదు. వచ్చే వార్షికోత్సవంలో మొదటి బహుమతితో పాటు, ఏడాదిలో తొలిసారి నోరు విప్పిన పిల్లలనూ పేరు పేరునా పిలిచి అభినందించడం అవసరం.