సిలోయము గోపురము, బార్మేర్ ఇసుక నేల



2022 జూలై 28 రాత్రి సుమారు 9 గంటల 10 నిమిషములకు రాజస్థాన్‌లోని బార్మేర్ దగ్గర మన వైమానిక దళమునకు చెందిన మిగ్-21 శిక్షణ విమానము కూలిపోయింది. ఆ సాయంకాలము ఉత్తర్లాయి స్థావరము నుండి బయలుదేరిన రెండు సీట్ల విమానమది. అందులోని వింగ్ కమాండర్ ఎం. రాణా, ఫ్లైట్ లెఫ్టినెంట్ అద్వితీయ బల్ ఇద్దరూ మరణించారు. ఒకరిది హిమాచల్ ప్రదేశ్, ఒకరిది జమ్మూ. మండుతున్న విమానము ఊరి మీద పడకుండా వారు అవతలికి మళ్లించారని దగ్గరలోని భీమ్‌డా గ్రామస్థులు చెప్పారు.

యుద్ధము లేని రోజున, చీకటిలో, ఈ అభ్యాసమెందుకని అడిగేవారున్నారు. శత్రువు పగలే వస్తానని మాట ఇవ్వడు గనుక. రాత్రి ఎగరడం పగటివంటిది కాదు. ఎడారి మీద దీపములుండవు, నేలకూ ఆకాశమునకూ మధ్య గీత కనబడదు. అటువంటప్పుడు విమానము ఒక పక్కకు వంగినా తిన్నగా పోతున్నట్టే శరీరమునకు తోస్తుంది. తన ఒంటికి తోచినది కాక ఎదుటనున్న ముళ్లు చూపినదే నమ్మడం పైలట్ నేర్చుకోవాలి. బార్మేర్‌లో జరిగినది ఇదేనని మేము చెప్పడం లేదు. దీనిని ప్రసంగములో ఉపమానముగా వాడుకోవడమూ సులభమే. ఈ నెల అది వద్దు, ఎందుకంటే మా మనస్సు ఆ రెండు ఇళ్ల మీద ఉంది.

ఇటువంటి ఇంటికి పరామర్శకు వెళ్లినప్పుడు మన నోట మొదట వచ్చే మాట “దేవుని చిత్తము” అని. అక్కడితో ఆగని వారూ ఉన్నారు. ఆ కుటుంబములో ప్రార్థన తక్కువైందని, ఏదో దాచిన పాపమున్నదని వాకిలి దాటకముందే గుసగుసలాడతారు. లూకా సువార్త 13వ అధ్యాయము తెరిచి చూడండి. సిలోయములో గోపురము కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. వారు యెరూషలేములోని ఇతరులకంటె పాపులని ఎంచవద్దని ప్రభువు స్పష్టముగా చెప్పారు. మారుమనస్సు పొందమన్న హెచ్చరిక వింటున్న వారికే గాని చనిపోయిన వారి ఇంటివారికి కాదు.

గోపురమును కట్టిన వారెవరో, అది ఎంత పాతదో లూకా వ్రాయలేదు. మన సంగతి వేరు. మిగ్-21 మన దళములో చేరినది 1963లో. మనము కొన్న 872 మిగ్ విమానములలో 482 ప్రమాదములకు గురయ్యాయని, 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు ప్రాణములు కోల్పోయారని 2012లో రక్షణ మంత్రి ఏ.కె. ఆంటోనీ పార్లమెంటుకు చెప్పారు. బార్మేర్ తరువాత కూడా, 2023 మేలో రాజస్థాన్‌లోనే హనుమాన్‌గఢ్ జిల్లా బహలోల్ నగర్‌లో ఒక మిగ్-21 ఇంటి మీద పడి ముగ్గురు స్త్రీలు చనిపోయారు. అది పగటివేళ. చివరకు 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో ఈ విమానమునకు వీడ్కోలు పలికారు. ఇన్ని లెక్కలు ఎదుట ఉండగా అంతా దేవుని చిత్తమని తీసిపారేస్తే, మనుష్యులు జవాబు చెప్పవలసినది కూడా ఆయన మీదనే వేసినట్టవుతుంది. అది భక్తి అని మేము అనుకోము.

మరి ఆ ఇంట ఏమి మాట్లాడాలి? యోబు స్నేహితులు మొదటి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతనితో కూర్చుని ఒక్క మాటయినా పలుకలేదు. వారు నోరు తెరిచిన తరువాతనే చిక్కు వచ్చింది. పొయ్యి వెలగని ఇంటికి అన్నము గిన్నె పట్టుకుపోండి. తల్లి తన బిడ్డ చిన్ననాటి సంగతులు చెబితే వినండి, పదిసార్లు చెప్పినా వినండి.

మన పల్లెల నుండి సైన్యమునకు వెళ్లిన బిడ్డలు ఎందరో ఉన్నారు. సరిహద్దులో కాల్పులని వార్త వస్తేనే మన సంఘములలో వారి కొరకు ప్రార్థన జరుగుతుంది. శిక్షణలో ఉన్న మామూలు రాత్రులు ఎవరికీ జ్ఞాపకము రావు, వారి తల్లులకు తప్ప. వచ్చే ఆదివారము ఆ బిడ్డల పేర్లు ఒక కాగితము మీద వ్రాసి మీ కాపరిగారి చేతికివ్వండి.