పుట్టబోయే పిల్లాడి పేరుకి ఇంగ్లీషోడి పర్మిషనా?

"ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం" అని మన సామెత. స్టాక్‌హోంలో మా టీములో ఉన్న ఒక స్వీడిష్ కుర్రాడిది సరిగ్గా తిరగేసిన కేసు. ఆలు ఉంది, ఎనిమిదో నెల చూలు ఉంది, కొడుకేనని స్కానింగులో తెలిసింది కూడా (ఇక్కడ చెప్తారు లెండి). పేరే తేలట్లేదు.

ఎందుకు తేలట్లేదంటే వాళ్లావిడది మాంచెస్టర్. పేరు స్వీడిష్‌గానూ ఉండాలట, అటు ఇంగ్లీషువాళ్ల దగ్గర "వర్కవుట్" కూడా అవ్వాలట. మొన్న శుక్రవారం ఫీకా టైములో (కాఫీ, దాల్చినచెక్క బన్ను... ఇక్కడ ఇది సంధ్యావందనంతో సమానం) లాప్‌టాప్ తెరిచి ఎక్సెల్ షీటు చూపించాడు. సుమారు అరవై పేర్లు, నాలుగు కాలమ్స్. ఇంగ్లీషువాడు చూసి చదవగలడా? విని రాయగలడా? బూతర్థం వస్తుందా? నెత్తిమీద చుక్కలూ సున్నాలూ ఉన్న అక్షరాలున్నాయా? ఒక్కచోట తేడా వస్తే వరస మొత్తం ఎర్రబడిపోతుంది. మనవాళ్లకి కండిషనల్ ఫార్మాటింగ్ నేర్పిన మహానుభావుడెవరో గానీ...

మొట్టమొదటి ఎర్ర వరస వాళ్ల తాతగారిది. పేరు ఓకె. స్పెల్లింగులో మొదటి అక్షరం ఏ మీద చిన్న సున్నా, తర్వాత కె, ఇ. ఆ సున్నా తీసేస్తే ఇంగ్లీషువాడు దాన్ని "ఏక్" అని చదువుతాడు, అంటే నొప్పి. కుర్రాడిని పెంచింది ఆ తాతే, పోయిన ఏడాది పోయాడు. పచ్చగా మిగిలినవి ఆలివర్, లియమ్, నోవా, ఆస్కార్. లియమ్, నోవా ఈ మధ్య స్వీడన్‌లో మహా పాపులర్. బహుశా ఇంటింటా ఇలాంటి షీటే ఉందేమో.

"బావుందా?" అని అడిగాడు. బాలేదన్నాను. ఎందుకు బాలేదో ఆరోజు సరిగ్గా చెప్పలేకపోయాను, ఇంగ్లీషులో వాదన అంటే నాకు సగం ఊపిరి గ్రామరుకే పోతుంది. అందుకే ఇక్కడ తెలుగులో కక్కేస్తున్నా.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పేసుకుంటా. బూతర్థం కాలమ్ మాత్రం న్యాయమే. స్వీడన్‌లో ఎరిక్‌కి ఒక రూపం యెర్కెర్. ఇంగ్లీషువాడు దాన్ని "జెర్కర్" అని చదువుతాడు, వివరించనక్కర్లేదనుకుంటా. ఫ్యానీ అనే ఆడపిల్ల పేరు ఇక్కడ ఎంతో మర్యాదైనది. బ్రిటన్‌లో అదే మాట పచ్చి బూతు. బెర్గ్‌మన్ తీసిన "ఫ్యానీ అండ్ అలెగ్జాండర్" (1982) ఆ పేరుతోనే నాలుగు ఆస్కార్లు కొట్టుకొచ్చింది, నిజమే, కానీ సినిమా మాంచెస్టర్ స్కూల్లో ఇంటర్వెల్లో నిలబడక్కర్లేదు, పిల్ల నిలబడాలి. అలాంటివి వదిలెయ్యండి, తప్పులేదు.

మిగతా మూడు కాలమ్సే నా గొడవ. అవి పిల్లాడి బాధ గురించి కాదు, ఎదుటివాడి బద్ధకం గురించి.

అసలు రెండు భాషల్లోనూ ఒకేలా పలికే పేరు అనేదే పెద్ద భ్రమ. మనందరికీ అన్నం పెడుతున్న లీనక్స్‌నే తీసుకోండి. లీనస్ టోర్వాల్డ్స్ ఫిన్‌లాండ్‌లో స్వీడిష్ మాట్లాడే కుటుంబంలో పుట్టాడు. స్వీడిష్‌లో ఆ పేరు "లీనుస్". అమెరికావాడికి "లైనస్". తమాషా ఏంటంటే ఆయనకి ఆ పేరు పెట్టింది అమెరికన్ రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ మీద. అంటే అమెరికా నుంచి వచ్చిన పేరు కూడా తిరిగి అమెరికా వెళ్లేసరికి ఒకేలా లేదు! అక్షరాల మీద చుక్కల్లేవు, స్పెల్లింగు తేడా లేదు. మావాడి షీటులో పెడితే నిగనిగలాడే పచ్చ వరస.

డేవిడ్ సేఫ్ కదా అంటారు. స్వీడిష్‌లో అది "దావిద్". సైమన్ "సీమొన్". జేకబ్ "యాకోబ్". ఇవి ఎక్కడో విన్నట్టుందా? మన తెలుగు బైబిల్లో దావీదు, సీమోను, యాకోబు. నేను మిషన్ స్కూల్లో చదివాను కాబట్టి ఇక్కడికొచ్చిన కొత్తలో ఇంగ్లీషువాళ్లకంటే నాకే ఈ పేర్లు తేలిగ్గా పలికాయి. ఇంగ్లీషు ఒక్కటే ప్రపంచమైతే తప్ప "ఇంటర్నేషనల్ పేరు" అనే మాటకి అర్థం లేదని అప్పుడే అనిపించింది.

ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌ని హాలీవుడ్‌కి పిలిపించిన నిర్మాత సెల్జ్‌నిక్ పేరు మార్చుకోమన్నాడు. ఆవిడ ససేమిరా అంది. 1939లో "ఇంటర్‌మెజో" ఆ పేరుతోనే వచ్చింది. (పిడకల వేట: స్వీడిష్‌లో ఆవిడ ఇంటిపేరు "బెర్యమన్" లాగా వినిపిస్తుంది. అమెరికావాడు చచ్చినా అలా అనలేదు. అయినా ఎవరికీ నష్టం రాలేదు.) ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా పేరు చూసి చదవగలిగిన మగాడు ఉన్నాడా? డి తర్వాత ఐ, జె, కె... అయినా షార్టెస్ట్ పాత్ అడిగితే ఇంటర్వ్యూలో మనమే గడగడా అప్పజెప్తాం. బ్యార్నె స్ట్రౌస్ట్రప్ తన పేరు ఎలా పలకాలో వెబ్ పేజీలో వినిపించాడే తప్ప "బెన్" అని మార్చుకోలేదు. అవసరమున్న చోట లోకం నేర్చుకుంటుంది.

చుక్కల అక్షరాల సంగతంటారా, అది పేరు తప్పు కాదు, మన వృత్తి తప్పు. పాత ఏడు బిట్ల రోజుల్లో స్వీడన్‌వాళ్లు తమ అక్షరాల కోసం బ్రాకెట్ల స్థానాల్ని వాడుకున్నారు. దాంతో బ్యోర్న్ అనే పేరు మామూలు ఆస్కీ తెరమీద మధ్యలో పైప్ గుర్తుతో కనిపించేది, వీళ్ల తెరమీద సి ప్రోగ్రాములో కర్లీ బ్రాకెట్లు చుక్కల అక్షరాలుగా కనిపించేవి. యూనికోడ్ వచ్చింది, అదంతా పోయింది. ఇప్పటికీ పాస్‌పోర్టు కింద మెషీన్ చదివే లైనులో తాతగారి పేరు రెండు ఏలతోనే పడుతుంది. ఎవడో ఎప్పుడో రాసిన వాలిడేషన్ కోసం పిల్లాడి పేరు మార్చడమా? బగ్ ఉంటే కోడ్ మారుస్తాం గానీ కస్టమర్ని మారుస్తామా? (సరే, మా పాత మేనేజర్ మార్చేవాడు.)

పైగా ఇక్కడ పిల్లల్ని కాపాడటానికి చట్టమే ఉంది. పేర్లు రిజిస్టర్ చేసేది పన్నుల శాఖ, స్కాట్టెవెర్కెట్. 2017 జూలై నుంచి కొత్త చట్టం అమల్లో ఉంది. ఎదుటివాళ్లకి చిరాకు తెప్పించే పేరైనా, పెట్టుకున్నవాడినే ఇబ్బంది పెట్టే పేరైనా ఒప్పుకోరు. పాత చట్టం మీద మండిపడి 1996లో ఒక జంట 43 అక్షరాల పేరు రాసిచ్చి, దాన్ని "ఆల్బిన్" అని పలకాలన్నారు. ఒప్పుకోలేదు, పేరు రిజిస్టర్ చేయించనందుకు అప్పటికే పడిన 5000 క్రోనర్ల జరిమానా కూడా తప్పలేదు. ఇంగ్లీషువాడికి నోరు తిరగాలి అని మాత్రం ఈ చట్టంలో ఎక్కడా లేదు.

ఆలివర్ ఓకె అని పెట్టొచ్చుగా అన్నాడు మావాడు. ఇక్కడ రెండు మూడు పేర్లు పెట్టి అందులో ఏదైనా పిలిచే పేరుగా వాడుకోవచ్చు, మొదటిదే కానక్కర్లేదు. ఇంగ్లీషువాడి ఫారంలో మాత్రం రెండో పేరు ఒక పొడి అక్షరంగా మిగిలిపోతుంది. మన ఇంటిపేర్లకి పట్టిన గతే. తాతని అటకెక్కించి, తాత పేరే పెట్టాం అని చెప్పుకోవడం నాకు నచ్చదు.

ఎందుకు నచ్చదంటే నేను చేసింది సరిగ్గా అదే కాబట్టి.

మా అమ్మాయి న్యూజెర్సీలో పుట్టింది. మా నాయనమ్మ పేరు మహాలక్ష్మి. నాయనమ్మ పేరు పెడతానని నాన్నకి మాటిచ్చాను. ఆస్పత్రి ఫారం ముందు కూర్చుంటే ఇంగ్లీషు టీచరు ఆ పేరు పిలవడం ఊహించుకుని భయమేసింది. "మ" తోనే మొదలవుతుంది కదా అని "మాయ" అని రాసేశాను. చిన్నది, తీయనిది, అందరికీ పలుకుతుంది. స్టాక్‌హోం వచ్చాక పిల్లల క్లినిక్‌లో నర్సు ఏమీ అడక్కుండా "మాయ" అని జె పెట్టి రాసుకుంది. అది ఇక్కడ చక్కటి స్వీడిష్ పేరు. స్కూల్లో పిల్ల క్లాసులో ఇంకో ఇద్దరు ఉన్నారు. పోయిన ఏడాది ఇంటికొచ్చి, "నాన్నా, నాకు స్వీడిష్ పేరెందుకు పెట్టారు?" అని అడిగింది. ఇది నీ ముత్తమ్మమ్మ... కాదు, నాన్నకి నాయనమ్మ పేరే అమ్మా అని చెప్పబోయి ఆగిపోయాను. మా నాన్న ఈరోజుకీ ఫోనులో దాన్ని మాయ అని పిలవడు. "మాలచ్చి ఏం చేస్తందిరా" అనే అడుగుతాడు. పిల్ల ఆ పేరుకి చటుక్కున పలుకుతుంది.

ఉద్యోగాల్లో పేరు చూసి పక్కన పడేస్తారని భయపడి ఇంటిపేరు మార్చుకునే వలసవాళ్లు స్వీడన్‌లోనే ఉన్నారు. వాళ్లని నేనేమీ అనను, ఆ కష్టం వేరు. కానీ తెల్లతోలు, ఇంజినీరు తండ్రి, మాంచెస్టర్ తల్లి ఉన్న పిల్లాడికి కూడా భయమే అయితే ఇంక ధైర్యం ఎవడు చెయ్యాలండీ?

ఇదంతా సోమవారం మావాడికి కుదించి చెప్పాను. మా ఆఫీసున్న శివారు పేరు కె తో రాసి "షీస్త" అంటారు, మేమందరం మొదట్లో "కిస్టా" అన్నాం, ఎవరూ ఊరి పేరు మార్చలేదుగా అన్నాను. కాసేపు ఆలోచించి, మీ దేశంలో మా తాత పేరు పలకగలరా అని అడిగాడు. రోజుకి యాభై సార్లు అంటాం, క్లయింటు కాల్ మొత్తం అదే అని చెప్పాను :) నవ్వాడు గానీ షీటులో వరస ఇంకా ఎర్రగానే ఉంది. పుట్టాక మూడు నెలల్లోపు పేరు రాసిస్తే చాలట, చూడాలి.