మన లోపం మన నాలుకకు తెలియదు

ఇంటర్వ్యూ అయిపోయింది. బాగానే చేశాననుకున్నారు. వారం తర్వాత రెండు లైన్ల మెయిల్ వచ్చింది, ఈసారి మిమ్మల్ని ఎంపిక చేయలేకపోతున్నామని. ఎందుకు చేయలేదో అందులో ఉండదు. తర్వాతి కంపెనీ నుంచీ అదే మెయిల్. పది ఇంటర్వ్యూలయ్యాక చేతిలో మిగిలేది అనుభవమని పెద్దలంటారు కానీ, నిజానికి మిగిలేది అయోమయం. తప్పెక్కడుందో తెలియనప్పుడు ఒకే తప్పును పదిసార్లు చేసి ఉంటాం, అంతే.

ఇంగ్లండ్ పడమటి అంచున, వేల్స్ సరిహద్దులో హెరిఫర్డ్‌షైర్ అనే కౌంటీ ఉంది. ఆపిల్ తోటలకు పేరు. అక్కడి పుట్లీ అనే చిన్న పల్లెలో ఏటా మే మొదట్లో, తోటలు పూత మీదున్న రోజుల్లో, ఒక పోటీ జరుగుతుంది. పేరు బిగ్ ఆపిల్ సైడర్ అండ్ పెర్రీ ట్రయల్స్. ఆపిల్ రసాన్ని పులియబెడితే సైడర్, బేరిపండ్ల రసాన్ని పులియబెడితే పెర్రీ. రెండింటిలోనూ ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి ఒక మాట ముందే చెప్పాలి. ఇది తాగమని చెప్పే వ్యాసం కాదు. ఆ పోటీ జరిగే తీరులో ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు పనికొచ్చే పాఠం ఒకటి ఉంది.

బ్రిటన్‌లో ఏడాదికి 7,000 లీటర్ల లోపు సైడర్ చేసేవాళ్లకు ఎక్సైజ్ సుంకం మినహాయింపు ఉంది. అందుకే అక్కడ పెద్ద కంపెనీలతో పాటు, తోట పక్క షెడ్డులో నాలుగు పీపాలు పెట్టుకుని చేసే చిన్న తయారీదారులూ ఉన్నారు. శరదృతువులో పండ్లు ఏరి, పిండి, చలికాలమంతా పులియనిస్తారు. వసంతానికి సరుకు సిద్ధం. అంటే ఏడాదికి ఒక్క పంట, ఒక్క ప్రయత్నం. ఇరవై ఏళ్లు కష్టపడినా ఇరవై ప్రయత్నాలే. ఇన్ని తక్కువ అవకాశాలున్నవాడికి తప్పు ఎక్కడ జరిగిందో తెలియకపోతే ఎంత నష్టమో ఆలోచించండి.

పుట్లీలో మొదటి విడత మార్కులు వేసేది ఎక్కడి నుంచో దిగిన ప్రముఖులు కాదు. పోటీకి సైడర్ తెచ్చినవాళ్లే ఒకరిది ఒకరు రుచి చూసి మార్కులు వేస్తారు. నిన్నటిదాకా సంతలో మీకు పోటీగా అమ్మినవాడే ఇవాళ మీ గ్లాసు ఎత్తి వాసన చూస్తాడు. మీరు అతని గ్లాసు ఎత్తుతారు.

ప్రత్యర్థి మాట ఎందుకు వినాలి? సైడర్‌కు వచ్చే ఒక జబ్బు దీనికి మంచి జవాబు చెబుతుంది. దాన్ని అక్కడివాళ్లు ‘ఎలుక కంపు’ అంటారు. కొన్ని సూక్ష్మజీవుల వల్ల పుట్టే ఈ లోపం సైడర్‌లోని పులుపు చాటున దాక్కుంటుంది. గ్లాసు దగ్గర వాసన చూస్తే తెలియదు. నోట్లో లాలాజలం కలిసి పులుపు తగ్గాక, మింగిన కాసేపటికి బయటపడుతుంది. ఇంకో చిత్రం ఏమిటంటే, అందరి నాలుకలూ దాన్ని ఒకేలా పట్టలేవు. కొందరికి అసలు తెలియనే తెలియదు. పాపం, ఆ తయారీదారు తన సైడర్ అమృతమనే నమ్ముతాడు. కొన్నవాళ్లు మళ్లీ రారు. ఎందుకు రారో అతనికి ఎవరూ చెప్పరు.

మనకొచ్చే ఆ రెండు లైన్ల మెయిల్ గుర్తొచ్చిందా? ప్రశ్న పూర్తికాకముందే జవాబు మొదలెట్టడం, ప్రాజెక్టులో తను చేసిన పని చెప్పమంటే ‘మేం చేశాం, మేం చేశాం’ అంటూ దాటేయడం, తెలియని ప్రశ్నకు తెలిసినట్టు పది నిమిషాలు మాట్లాడటం... ఇవన్నీ మన ఎలుక కంపులే. ఎదుటివాళ్లకు తెలుస్తాయి, మనకు తెలియవు.

అయితే ‘బాగుంది’, ‘బాగాలేదు’ అంటే అది అభిప్రాయమే అవుతుంది, సలహా కాదు. రుచి చెప్పడానికీ ఒక భాష కావాలి. 1903లో బ్రిస్టల్ దగ్గర లాంగ్ ఆష్టన్‌లో సైడర్ మీద పరిశోధనకే ఒక సంస్థ పెట్టారు. అక్కడి శాస్త్రవేత్త బార్కర్ సైడర్ ఆపిళ్లను నాలుగు రకాలుగా విడదీశాడు. రసంలో ఆమ్లం 0.45 శాతం దాటితే పులుపు రకం, టానిన్ 0.2 శాతం దాటితే వగరు రకం. రెండూ దాటితే పులుపు వగరు, ఆమ్లం తగ్గి టానిన్ మాత్రమే దాటితే తీపి వగరు, రెండూ తగ్గితే తీపి. ‘ఏదో తేడాగా ఉంది’ అనే చోట ‘టానిన్ తక్కువైంది’ అనగలిగారు. లోపాలూ అంతే. వెనిగర్ వాసన వస్తే పీపాలోకి గాలి చేరిందేమో చూడాలి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఈస్ట్‌కు పోషకాలు చాలలేదేమో చూడాలి. లోపానికి పేరు దొరికితే కారణం దొరుకుతుంది. కారణం దొరికితే వచ్చే ఏడాది మార్చుకోవచ్చు.

మన హాస్టల్ గదుల్లో జరిగే మాక్ ఇంటర్వ్యూల్లో లేనిది ఈ భాషే. ‘సూపర్‌గా చేశావ్ రా’ అని భుజం తట్టేస్తాం. స్నేహం నిలుస్తుంది, లోపమూ నిలుస్తుంది.

కాబట్టి నలుగురు కలిసి మీ సొంత పుట్లీ పెట్టుకోండి. ఖర్చేమీ లేదు. రెజ్యూమెల మీద పేర్లు, కాలేజీ పేర్లు కొట్టేసి నంబర్లు వేసి మార్చుకోండి. ఒక్కొక్కరు ఒక్క లోపమే రాయాలి, అదీ ఏ లైన్లో ఉందో చూపించాలి. మాక్ ఇంటర్వ్యూ అయితే ఫోన్లో రికార్డు చేసి, ఏ నిమిషంలో జవాబు గాడి తప్పిందో చెప్పాలి. అడిగే కుర్చీలో మీరూ కూర్చోండి. ఇతరుల జవాబుల్లో డొల్లతనం పట్టుకోవడం అలవాటైతే మీ జవాబులోదీ మీకే వినబడుతుంది.

ఇంకో సంగతి. సైడర్ పోటీల్లో డ్రై, మీడియం, స్వీట్ అంటూ విభాగాలుంటాయి. ఎంత మంచి తీపి సైడరైనా డ్రై విభాగంలో పెడితే ఓడిపోతుంది. ఒకే రెజ్యూమెను డేటా అనలిస్టుకూ, సేల్స్‌కూ, టెస్టింగ్‌కూ పంపేవాళ్లు ఈ ముక్క ఆలోచించాలి.

క్లాస్‌మేటే నా పోటీదారు కదా, వాడికి నా లోపాలు చెప్పుకుంటే నష్టం కాదా అనే అనుమానం రావచ్చు. పుట్లీకి వచ్చేవాళ్లూ ఒకే బహుమతి కోసం వస్తారు. మీ లోపం దాచినంత మాత్రాన ఇంటర్వ్యూ చేసేవాళ్లకు కనబడకుండా పోదు. ముందుగా తెలిసినవాడి దగ్గర బయటపడితే దిద్దుకోవడానికి టైమ్ ఉంటుంది.

అలాగని చెప్పిందల్లా నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఒక్కడు ‘పుల్లగా ఉంది’ అంటే అది అతని నాలుక కావచ్చు. ముగ్గురు విడివిడిగా అదే మాటంటే అది మీ సైడరే. ఇంకొక నిజం కూడా ఒప్పుకోవాలి. ఖాళీలే తక్కువున్నప్పుడు ఏ లోపమూ లేనివాళ్లూ మిగిలిపోతారు. ప్రతి తిరస్కరణకూ మిమ్మల్ని మీరే తిట్టుకోవద్దు. ఏది మీ చేతిలో ఉందో, ఏది లేదో విడదీసుకోవడానికే ఈ కసరత్తంతా.

ఫుడ్ టెక్నాలజీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ చదివేవాళ్లకు మరో సంగతి. రుచి చూసి లోపం కనిపెట్టడం ఒక వృత్తి. ఆహార పరిశ్రమలో దాన్ని సెన్సరీ ఇవాల్యుయేషన్ అంటారు. మన అరకులో పండే కాఫీ నాణ్యతను తేల్చేదీ ఇలాంటి కప్పింగ్ పరీక్షలే. బెంగళూరులో కాఫీ బోర్డు కాఫీ క్వాలిటీ మేనేజ్‌మెంట్‌లో పీజీ డిప్లొమా నడుపుతోంది. కోర్సు కోసం వెతికేవాళ్లు అర్హతల వివరాలు బోర్డు ప్రకటనల్లో చూసుకోవచ్చు.

మిగతావాళ్లకు ఒక్కటే విన్నపం. పార్టిసిపేషన్ సర్టిఫికెట్లతో ఫైలు నింపడం ఆపండి. ఈసారి హ్యాకథాన్‌కో, పేపర్ ప్రజెంటేషన్‌కో వెళ్తే, బహుమతి రాకపోయినా సరే, జడ్జి దగ్గరికెళ్లి ‘సర్, మాది ఎక్కడ తగ్గింది?’ అని అడిగి, ఆ జవాబు రాసుకుని రండి. రేపు ఇంటర్వ్యూలో ‘అక్కడ ఓడిపోయాం, కారణం ఇది, తర్వాత ఇలా మార్చాం’ అని చెప్పగలిగితే, ఆ మూడు ముక్కలకున్న విలువ ఏ సర్టిఫికెట్‌కూ లేదు.