పంజాగుట్ట మాల్‌తో రైతుకేం పని?

పట్నంలో మాల్స్ గురించి, ట్రాఫిక్ గురించి రైతుల పత్రికలో రాయడమేమిటని మన సభ్యులు కొందరు అడగవచ్చు. పట్నపోళ్ల గొడవ పట్నపోళ్లు చూసుకుంటారులే అనుకోవచ్చు. ఆ రోడ్డు మీద మనకు ఎన్ని పనులున్నాయో ముందు చూద్దాం.

జహీరాబాద్, సదాశివపేట, సంగారెడ్డి నుంచి వచ్చే పాత బొంబాయి రోడ్డు పటాన్‌చెరు, కూకట్‌పల్లి, ఎర్రగడ్డ దాటి అమీర్‌పేట, పంజాగుట్ట మీదుగా ఖైరతాబాద్ చేరుతుంది. మనం కూరగాయలు దించే ఎర్రగడ్డ రైతు బజార్ ఈ రోడ్డు మీదే. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లలో, హాస్టళ్లలో ఉన్నది చాలావరకు మన ఊళ్ల పిల్లలే. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే జిల్లా ఆస్పత్రి వాళ్లు రాసేది పంజాగుట్ట నిమ్స్‌కు. ఇంకొంచెం ముందుకు పోతే ఎర్రమంజిల్‌లో జలసౌధ, పౌరసరఫరాల భవన్. నీళ్ల కోసం కొట్లాడినా, వడ్ల పైసల కోసం కొట్లాడినా చివరికి పోయేది ఆ గేట్ల ముందుకే. అంబులెన్సులో పేషెంటును పెట్టుకొని అమీర్‌పేట నుంచి నిమ్స్ దాకా వచ్చినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. సైరన్ మోగుతూనే ఉంటుంది, బండి కదలదు.

ఈ రోడ్డు ఇరుకు కావడానికి జనం పెరగడమే కారణమని అధికారులు చెబుతారు. అది సగం నిజం. మిగతా సగం భూమి లెక్కల్లో ఉంది, భూమి లెక్క రైతుకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు.

2010 సెప్టెంబరు 4న మెట్రో రైలు కోసం ఎల్ అండ్ టీ సంస్థతో ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. కేంద్రం నుంచి రూ.1,458 కోట్ల సాయం ఇప్పించడంతో పాటు 269 ఎకరాల మీద వ్యాపార కట్టడాలు కట్టుకునే హక్కు ఇచ్చారు. డిపోల దగ్గర 212 ఎకరాలు, స్టేషన్ల దగ్గర 57 ఎకరాలు. మొత్తం ఒక కోటి 85 లక్షల చదరపు అడుగులు కట్టుకోవచ్చన్నారు. స్టేషన్ల దగ్గరి ఆ 57 ఎకరాలకు కాగితాల మీద పెట్టిన పేరు చూడండి: పార్కింగ్, రాకపోకల స్థలం. అంటే రైలు ఎక్కి దిగేవాళ్లు బండి పెట్టుకోవడానికి, బస్సు, ఆటో ఆగి తిరగడానికి ఉండాల్సిన జాగా. పంజాగుట్టలో ఒకటి, ఎర్రమంజిల్‌లో ఒకటి మాల్స్ లేచింది ఇలాంటి హక్కు కిందనే. ఈ రెండు స్టేషన్లు 2018 సెప్టెంబరులో తెరుచుకున్నాయి. వీటి మధ్య దూరం నడిచిపోయేంత. ఇప్పటికే జనం కిక్కిరిసిన చోట, నిమ్స్‌కు కూతవేటు దూరంలో, కార్లలో వచ్చేవాళ్లను ఇంకా పిలిచే కట్టడాలు రెండు పెట్టడం ఏ బుద్ధిమంతుడి ప్లాను? మెట్రో స్తంభాలు రోడ్డు నడుమ కొంత మింగాయి. రాకపోకల జాగా మాల్ కిందికి పోయింది. ఇది చాలదన్నట్టు అమీర్‌పేటలో సత్యం థియేటర్ ఉన్న చోట 2023లో మాల్, మల్టీప్లెక్స్ వచ్చాయి.

హెచ్చరించినవాళ్లు లేక కాదు. అంతకు ముందు 2008లో మేటాస్‌కు ఈ ప్రాజెక్టు కట్టబెట్టినప్పుడే, ఇది రైలు పేరుతో భూముల వ్యాపారమని ఢిల్లీ మెట్రో శ్రీధరన్ ఉత్తరం రాశారు. ఆ టెండరు 2009లో రద్దయింది. భూమి మీద కన్ను మాత్రం రద్దు కాలేదు.

మేము మెట్రోకు వ్యతిరేకం కాదు. మన పిల్లలూ అందులో ఎక్కుతున్నారు. కానీ కూరగాయల గంప, బియ్యం మూట పట్టుకొని మెట్రో ఎక్కలేం. మనకు దిక్కు ఆర్టీసీ బస్సే. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది, మంచిదే. ఆ బస్సు పంజాగుట్టలో ఆగడానికి జాగా ఏది? నడి రోడ్డు మీద ఆగితే ముసలమ్మ దిగేలోపే వెనకనుంచి హారన్లు. మాల్‌కు కారులో వచ్చినవారి కోసమైతే 2018లోనే జీవో 63 తెచ్చారు. మొదటి అరగంట పార్కింగ్ ఉచితం, కొన్న బిల్లు చూపిస్తే ఆపైన కూడా ఉచితం. నిమ్స్ ఓపీ చీటీ చూపిస్తే ఎవరు ఉచితంగా నిలబడనిస్తారు?

మన భూమి తీసుకునేటప్పుడు సామాజిక ప్రభావం అంచనా వేయాలని 2013 చట్టం చెప్పింది. దాన్నీ తప్పించుకునేందుకు మన రాష్ట్రం సవరణ తెచ్చుకుంది. పట్నంలోనూ అదే వరస. ముందు కట్టడం, తర్వాత ట్రాఫిక్ పోలీసు. అడిగితే పని జరుగుతుందనడానికి ఎర్రమంజిలే సాక్ష్యం. 2019 జూన్‌లో అక్కడి పాత ప్యాలెస్ కూల్చి అసెంబ్లీ కడతామని భూమిపూజ చేశారు. జనం కోర్టుకు పోయారు, ట్రాఫిక్ మాటా అప్పుడు గట్టిగానే లేచింది. వారసత్వ కట్టడమన్న సంగతి పట్టించుకోలేదని సెప్టెంబరు 16న హైకోర్టు ఆ మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది.

ఇప్పుడు అడగాల్సిన సమయం మళ్లీ వచ్చింది. 2025 సెప్టెంబరులో మొదటి దశ మెట్రోను తానే తీసుకుంటానని రాష్ట్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. దాదాపు రూ.13,000 కోట్ల అప్పు మీద వేసుకుంటుందట, పైన రూ.2,000 కోట్లు ఇస్తుందట. ఆ అప్పు తీర్చేది మనం కట్టే పన్నుల నుంచే కాబట్టి, ఆ భూముల లెక్క అడిగే హక్కు మనకుంది. ఏ స్టేషన్ దగ్గర ఎంత జాగా పార్కింగ్‌కు, రాకపోకలకు ఉండాలో, ఇవాళ ఎంత మిగిలిందో సర్వే చేసి బయటపెట్టాలి. పంజాగుట్ట, ఎర్రమంజిల్‌లలో మిగిలిన జాగాలో మొదట ఆర్టీసీ బస్సులు ఆగే చోటు, నిమ్స్‌కు వచ్చే అంబులెన్సులకు దారి ఇవ్వాలి. అమీర్‌పేట స్టేషన్ కింద పొద్దున పూట రైతులు నేరుగా అమ్ముకునే చోటు చూపాలి. ఈ రోడ్డు మీద కొత్త మాల్‌కు గాని, టవర్‌కు గాని అనుమతి ఇచ్చే ముందు ట్రాఫిక్ అంచనాను తెలుగులో అచ్చువేసి, బహిరంగ విచారణ పెట్టాలి. ఆ విచారణకు పట్నపోళ్లతో పాటు మనల్నీ పిలవాలి.

మండల కమిటీలు ఈ డిమాండ్లతో తీర్మానాలు చేసి, నిమ్స్‌కు పోయివచ్చిన కుటుంబాల సంతకాలు జతచేసి పంపాలి. అవన్నీ కలిపి మున్సిపల్ శాఖకు ఇస్తాం.