రోడ్డు ఎవరి సొమ్ము? లెక్క ఎవరు చెప్పాలి?

ఊళ్లో అర కిలోమీటరు సిమెంటు రోడ్డు పడితే చాలు, దాని మొదట్లో ఒక శిలాఫలకం లేస్తుంది. మంత్రిగారి పేరు, శాసనసభ్యుడి పేరు, సర్పంచి పేరు దాని మీద చెక్కుతారు. "మీ వూరికి రోడ్డు ఇచ్చాం" అని సభ పెట్టి చెబుతారు. మనవాళ్లు కూడా చప్పట్లు కొడతారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది ఈ వ్యవహారం. ఆ రోడ్డుకు డబ్బు కట్టిందెవరు, చెమటోడ్చిందెవరు, దాని మీద లాభం తీస్తున్నదెవరు? ఈ మూడు ప్రశ్నలు వేసుకుంటే ఇచ్చినవాళ్లెవరో, పుచ్చుకున్నవాళ్లెవరో తేలిపోతుంది. కూలిరేట్ల గురించి, ఇళ్లస్థలాల గురించి మాట్లాడినట్టే మన సంఘాలు రోడ్డు లెక్క గురించి కూడా మాట్లాడాలి.

లీటరు డీజిలులో మన వాటా

"పన్నులు కట్టేది పట్నాలవాళ్లు, పల్లె కూలీ ఏం కడుతున్నాడు?" అని అడిగే పెద్దమనుషులు వున్నారు. వాళ్లకు చరిత్రే జవాబు చెబుతుంది. తెల్లదొరల ప్రభుత్వం 1927లో జయకర్ కమిటీని వేసింది. ఆ కమిటీ సిఫారసు మీద 1929లో గాలను పెట్రోలుకు రెండణాల అదనపు పన్ను వేసి రోడ్ల నిధి పెట్టారు. ఆ రోజుల్లో పెట్రోలు కొనేది కార్లున్న దొరలు, జమీందార్లు. కారెక్కేవాడు రోడ్డుకు కట్టాలనడంలో కొంత న్యాయం వుంది. ఇవాళ డీజిలు ఎక్కడ మండుతున్నది? దున్నే ట్రాక్టరులో, కోత మిషనులో, పల్లెవెలుగు బస్సులో, కూలీలను చేనుకు చేరవేసే ఆటోలో, బియ్యం మోసే లారీలో. డీజిలు మీద రూపాయి పెరిగితే అది తిరిగి తిరిగి ఆటో కిరాయిగా, ఉప్పూ పప్పూ ధరగా మన కొంగుముడికే వస్తుంది.

2000 సంవత్సరంలో కేంద్ర రోడ్డు నిధి చట్టం చేశారు. డీజిలు సెస్సులో సగం పల్లె రోడ్లకే ఖర్చుపెట్టాలని ఆ చట్టంలో రాశారు. 2018లో దాన్ని మార్చి, నిధి పేరులో "మౌలిక వసతులు" అనే మాట చేర్చి, రైళ్లకూ రేవులకూ విమానాశ్రయాలకూ కూడా ఆ డబ్బు వాడుకునేట్టు తలుపు తెరిచారు. ఏ రంగానికి ఎంతన్నది కమిటీ తేలుస్తుందన్నారు. అదే ఏడు సెస్సును లీటరుకు 8 రూపాయలు చేశారు. 2020 మే నాటికి అది 18 రూపాయలకు పోయింది. ఆ మే నెల గుర్తుందా? ప్రపంచంలో చమురు ధర పడిపోయింది, ఇక్కడ మాత్రం పన్ను పెంచారు. సరిగ్గా ఆ రోజుల్లోనే వలస కూలీలు నెత్తిన మూటలతో, చంకన పిల్లలతో జాతీయ రహదారుల వెంట వందల మైళ్లు నడిచారు. వాళ్ల పన్నుతో వేసిన రోడ్డు మీద వాళ్లకొక బస్సు దొరకలేదు. తర్వాత 2021 నవంబరులో, 2022 మేలో జనం గోల భరించలేక సెస్సు తగ్గించారు.

ఇందులో మరో కిటుకు వుంది. సెస్సు రూపంలో వచ్చిన డబ్బును కేంద్రం మామూలు పన్నుల్లాగా రాష్ట్రాలకు వాటా పంచనక్కర్లేదు. రాజ్యాంగం 270వ అధికరణం అందుకు వీలిచ్చింది. అందుకే పన్ను కన్నా సెస్సు అంటేనే ఢిల్లీకి ముద్దు. రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 సెప్టెంబరులో లీటరుకు మరో రూపాయి రోడ్డు సెస్సు వేశారు. ఆ రూపాయిని చూపించి బ్యాంకు నుంచి 2 వేల కోట్ల అప్పుకు పోయారు. అంటే మనం రేపు కట్టబోయే పన్నును ఇవాళే తాకట్టు పెట్టారన్నమాట.

చెమట లెక్క

డబ్బు తర్వాత శ్రమ. ఈ దేశంలో రోడ్డు మొదటినుంచీ ఆకలిగొన్నవాడి చేతులతోనే పడింది. 1876-78 కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో జనం పిట్టల్లా రాలిపోతుంటే మద్రాసు రాజధానిలో కరువు పనులు పెట్టి రోడ్లు వేయించారు, కాలువలు తవ్వించారు. కూలి ఎక్కువైపోతున్నదని 1877లో రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి, రోజుకు పౌను తిండిగింజల లెక్కకు దాన్ని దించాడు. తర్వాత పాలమూరు కూలీలు మేస్త్రీల చేతికింద దేశమంతా తిరిగి డ్యాములు కట్టారు, రోడ్లు పోశారు. వాళ్ల పేరు ఏ శిలాఫలకం మీదా లేదు.

2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద జరిగిందేమిటో కూడా చూడాలి. ఖర్చులో కూలికి 60 శాతానికి తగ్గకూడదు, సామగ్రికి 40 శాతానికి మించకూడదు అన్నది నిబంధన. అంటే కూలీలు గడ్డపార పట్టి అరవై రూపాయలు సంపాదిస్తే, దాన్ని చూపించి నలభై రూపాయల సిమెంటు, కంకర వచ్చేది. మన వీధుల్లో కనిపించే సిమెంటు రోడ్లలో చాలా భాగం ఆ నలభైతో పడ్డవే. ఎండలో చెరువు మట్టి తీసిన ఆడకూలీ పనిదినం లేకపోతే ఆ సిమెంటు బస్తా వూళ్లోకి వచ్చేదే కాదు. ఆమె కూలి నెలల తరబడి బకాయి పడిన రోజులున్నాయి. సామగ్రి బిల్లుల కోసం మాత్రం నాయకులు రాజధాని దాకా పోయి పోట్లాడారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో మరో చట్టాన్ని ఆమోదించింది. మన రాష్ట్రాల్లో ఖర్చులో 40 శాతం రాష్ట్రమే భరించాలట. నాట్లు, కోతల కాలంలో ఏడాదికి 60 రోజులు పనులు ఆపవచ్చట. సరిగ్గా బేరమాడగలిగే రోజుల్లో కూలీని భూస్వామి గుమ్మానికి తోలడమే ఇది.

డబ్బు పోయేదెక్కడికి?

పెద్ద రోడ్లకు అప్పు పుడుతుంది, ఎందుకంటే వాటి మీద టోలు పుడుతుంది. జాతీయ రహదారుల సంస్థ అప్పు 2022 నాటికి మూడు లక్షల కోట్ల రూపాయలు దాటింది. 2023-24లో జాతీయ రహదారుల మీద టోలు రూపంలో సుమారు 55 వేల కోట్లు వసూలైంది. "టోలు కారువాడు కడతాడు, ఆటోకూ ట్రాక్టరుకూ లేదుగదా" అని కొందరంటారు. లారీ కట్టిన టోలు కూరగాయల ధరలో వుంది. బస్సు కట్టిన టోలు టికెట్టులో వుంది. ప్రభుత్వ సొమ్ముతో కట్టిన రహదారి మీద పెట్టుబడి వసూలయ్యాక టోలును 40 శాతానికి తగ్గించాలని 2008 నాటి నియమాల్లో వుండేది. 2023 అక్టోబరులో దాన్నీ మార్చి పూర్తి టోలు కొనసాగించే వీలు కల్పించారు.

హైదరాబాదు చుట్టూ వున్న 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు సంగతి చూడండి. రైతుల భూములు తీసుకున్నారు, జపాను సంస్థ దగ్గర అప్పు తెచ్చారు, ఆ అప్పు పూచీ ప్రజలది. రోడ్డు తయారయ్యాక 2023లో 7,380 కోట్లకు 30 ఏళ్లపాటు ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. ఇవాళ పుట్టిన బిడ్డకు ముప్ఫయ్యేళ్లు వచ్చేదాకా టోలు వాళ్లదే. పాడి బర్రెను మనం మేపితే పాలు పితికేది వేరొకరు.

భూమి పోయిన రైతుకు పరిహారం గురించి మాట్లాడతారు, అది తక్కువైనా మాట్లాడతారు. ఆ పొలంలో ఏటా నాట్లు వేసి, కలుపు తీసి బతికిన కూలీ సంగతో? 2013 భూసేకరణ చట్టం ప్రకారం, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూముల మీద పనిచేసి బతికే కూలీ, కౌలు కుటుంబాలు కూడా బాధిత కుటుంబాలే. ఆ పునరావాస నిబంధనలు 2015 నుంచి జాతీయ రహదారులకు తీసుకునే భూములకూ వర్తిస్తాయి. కూలీల పేర్లు జాబితాలోకి ఎక్కించే పని ఎవరూ చేయడం లేదు. సంఘాలే పూనుకోవాలి.

పల్లెకు మిగిలింది

2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైంది. దానివల్ల దేశంలో లక్షల కిలోమీటర్ల పల్లె రోడ్లు పడ్డాయన్నది నిజం, కాదనక్కర్లేదు. కానీ మొదట కేంద్రమే పూర్తిగా పెట్టిన ఖర్చును 2015 నుంచి 60:40గా పంచి రాష్ట్రాల నెత్తిన వేశారు. పావు శతాబ్దం తర్వాత, 2024 సెప్టెంబరులో నాలుగో దశ ప్రకటిస్తూ, ఇంకా 25 వేల నివాసాలకు రోడ్డు వేయాలని కేంద్రమే చెప్పింది. అందులో ఎక్కువ గోస గిరిజనులదే. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పార్వతీపురం మన్యం జిల్లాలో నిండు గర్భిణులను డోలీ కట్టి కొండ దింపే వార్త రాని వర్షాకాలం లేదు. 2020లో సాలూరు మండలం కొదమ ప్రాంతపు గిరిజనులు విసిగిపోయి, తలా ఇంత చందా వేసుకుని తామే కొండ తొలిచి రోడ్డు వేసుకున్నారు. డీజిలు సెస్సు కట్టింది చాలక, రోడ్డుకు మళ్లీ చేతి డబ్బు!

పడిన రోడ్డు నిలబడడం మరో కథ. పల్లె రోడ్డును బండ్లకు, ఆటోలకు, ఒక బస్సుకు సరిపడా మందంతో వేస్తారు. దాని మీదకు ఇసుక టిప్పర్లు, గ్రానైటు లారీలు వస్తాయి. ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకు తగిలే దెబ్బ రెండింతలు కాదు, ఇంచుమించు పదహారింతలని ఇంజనీర్ల లెక్క. అంటే ఇసుక కాంట్రాక్టరు ఒక్క సీజనులో మన రోడ్డు ఆయుష్షు తినేసిపోతాడు. రోడ్డు గుంతలు పడ్డదని డిపోవాళ్లు బస్సు ఆపేస్తారు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం. మంచిదే. కానీ బస్సే రాని వూళ్లో ఉచిత టికెట్టు ఏం చేసుకోవాలి?

మనకు రోడ్డు ఎందుకు కావాలి?

ఇదంతా విని "కమ్యూనిస్టులు రోడ్లకు అడ్డం" అంటారు. కాదు. రోడ్డు విలువ కూలీకి తెలిసినంతగా కారువాడికి తెలియదు. గ్రామ సడక్ రోడ్ల మీద ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2020లో అచ్చయింది. రోడ్డు పడ్డాక పంట దిగుబడులు గానీ, ఆదాయాలు గానీ పెద్దగా మారలేదని, ముఖ్యంగా జరిగిందల్లా జనం వ్యవసాయం వదిలి వేరే పనులకు పోగలగడమేనని అందులో తేల్చారు. మన అనుభవమూ అదే. రోడ్డు ఒక్కటే కడుపు నింపదు. కానీ పక్క వూరికి, పట్నానికి పోయే దారి వున్నప్పుడే కూలీ ఆసామి ముఖం మీద "ఆ రేటుకు రాను" అనగలడు. దారి లేనివాడికి బేరం లేదు.

దారీ బస్సూ సరిగా లేకపోతే ఏమవుతుంది? 2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పి.ఎ.పల్లి మండలంలో కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిదిమంది ఆడకూలీలు చనిపోయారు. అదే ఏడాది జూన్ 24న యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర మరో ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిహేనుమంది పోయారు. అందులోనూ ఎక్కువమంది పనికి పోతున్న ఆడవాళ్లే. డ్రైవరు మీద కేసు పెట్టి వూరుకుంటే సరిపోదు. కాలువ కట్ట మీది ఇరుకు బాటన, సరుకు మోసే ట్రక్కులో మనుషులను కుక్కి తీసుకుపోవలసిన గతి ఎందుకు పట్టిందో అడగాలి.

అందుకే ప్రతి గ్రామ శాఖా కొన్ని పనులు చేపట్టాలి. గ్రామ సడక్ రోడ్డు పని దగ్గర తెలుగులో బోర్డు పెట్టాలి, ఏ పొరలో ఎంత సామగ్రి పోశారో దాని మీద రాయాలి. బోర్డు లేకపోతే పని దగ్గరే నిలదీయండి. కట్టిన కాంట్రాక్టరే ఐదేళ్లు రోడ్డును బాగుచేయాలని ఒప్పందంలో వుంటుంది. గుంత పడగానే తేదీ వేసి అర్జీ పెట్టండి. సమాచార హక్కు చట్టం కింద ఎం.బుక్ నకలే కాదు, పనిని తనిఖీ చేసే హక్కు, రోడ్డు సామగ్రి నమూనా అడిగి తీసుకునే హక్కు కూడా వుంది. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఫీజు లేదు. రోడ్డు పని చేసే కూలీలు ఏడాదిలో 90 రోజులు పనిచేస్తే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదు కావచ్చు. ఆ పని ఖర్చులో ఒక శాతం సెస్సు వాళ్ల పేరు మీదే వసూలవుతున్నది.

గ్రామసభల్లో ఈ కోర్కెలు తీర్మానంగా పెట్టించాలి: డీజిలు సెస్సులో సగం పల్లె రోడ్లకే కేటాయించాలి. ముందు దళితవాడకు, తండాకు, గిరిజన గూడేనికి, తర్వాతే నాలుగు వరసల రోడ్డును ఆరు వరసలు చేయడం. రోడ్డు విరగ్గొట్టిన ఇసుక, గ్రానైటు యజమానుల దగ్గరే బాగుచేతకు డబ్బు వసూలు చేయాలి. జనం సొమ్ముతో కట్టిన రోడ్లను కంపెనీలకు ముప్ఫయ్యేళ్ల గుత్తకివ్వడం మానాలి. రోడ్డు వేసిన ప్రతి వూరికీ కూలీల పనివేళకు బస్సు నడపాలి.

వచ్చే గ్రామసభలో ఎవరైనా లేచి "మీకు రోడ్డు ఇచ్చాం" అంటే, మనలో ఒక్కరైనా లేచి అడగాలి: "మా సొమ్ము ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, మిగతాదెక్కడ?" జవాబు వచ్చేదాకా కూర్చోకూడదు.