ఆర్పాల్సిన లైటు మా గదిలో లేదు



మార్చి నెలాఖరు వస్తే చాలు, శనివారం రాత్రి 8.30 నుంచి 9.30 దాకా లైట్లు ఆర్పండి, భూమిని కాపాడండి అంటారు. ఎర్త్ అవర్ అంట. 2007లో సిడ్నీలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ మొదలుపెట్టింది. హైదరాబాద్‌లో సచివాలయానికి, చార్మినార్‌కి, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జికి ఆ గంట లైట్లు ఆపుతారు. ఆపనీయండి, అవి అందం కోసం పెట్టిన లైట్లు. కానీ తిరువూరులో పరీక్షలకు చదువుకునే హాస్టల్ పిల్లల్ని కూడా లైటు ఆర్పి సెల్ఫీ పెట్టమంటే ఎలా? మాకు గదికి ఒక్కటే ట్యూబ్‌లైటు. అందరం దాని కిందే చదవాలి.

లెక్క చూద్దాం. మా ఎల్‌ఈడీ ట్యూబ్ 20 వాట్లు. టన్నున్నర ఏసీ సుమారు 1500 వాట్లు. ఆ ఏసీ ఒక్క గంట తిరిగే కరెంటుతో మా ట్యూబ్ 75 గంటలు వెలుగుతుంది. మరి ముందు ఎవరు ఆపాలి?

ఈ దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గు నుంచే వస్తోంది. ఖమ్మం అవతల ఇల్లందులో 1889లోనే బొగ్గు తవ్వకం మొదలైంది. ఇప్పుడు టేకులపల్లి మండలంలో కోయగూడెం ఓపెన్‌కాస్ట్ ఉంది. గూడెం పేరు గనికి పెట్టారు చూడండి! నీటి కరెంటైనా అంతే. ఆంధ్రా ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ ప్రాజెక్టు 1955లో మొదలైంది. దానికోసం ఊళ్లు వదిలిన కుటుంబాల్లో ఎక్కువ ఆదివాసీ, దళిత కుటుంబాలే. భూమి మనది పోయింది, కరెంటు పట్నాలకి పోయింది, పొదుపు పాఠం మాత్రం మనకా?

వాతావరణం మారడం అబద్ధమని మేం అనట్లేదు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ఏం చేశాయో చూశాం. ఏసీ ఉన్నోళ్లు ఎండకి తలుపులేసుకుంటారు. మన అమ్మానాన్నలు మిరప కోతకి, మామిడి తోటలకి అదే ఎండలో పోవాలి. వాళ్లకి ఎవరూ అవగాహన కల్పించక్కర్లేదు.

“గంటే కదా, గుర్తు చేయడానికే కదా” అని మన గ్రూపులోనే కొందరన్నారు. సరే, గుర్తు చేయాల్సింది ఎవరికి? గుర్తుండాల్సిన వాళ్లకి! మన జిల్లాలోనే ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం ఉంది. మనం గంటసేపు చీకట్లో కూర్చుంటే అక్కడ బాయిలర్ ఆరిపోదు. ఫొటోలు మాత్రం వస్తాయి.

అందుకే మా మాట ఇది. ఆ శనివారం లైటు ఆర్పొద్దు. ఆ వెలుతురులోనే కూర్చుని అర్జీ రాద్దాం. ఒకటి, ప్రతి గిరిజన హాస్టల్ కప్పు మీద సోలార్ ప్యానెళ్లు పెట్టాలి. రెండు, హోర్డింగులకి, ఆఫీసుల ముందు అలంకారానికి పెట్టిన లైట్లు ఏడాదంతా రాత్రి పది తర్వాత ఆపాలి. మూడు, ప్రభుత్వ ఆఫీసుల్లో ఏసీలకి నెలకెంత కరెంటు అవుతోందో బోర్డు మీద రాయాలి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, కలిసి పోదాం.

సంతకం పెట్టేవాళ్లు కింద మీ ఊరి పేరు రాయండి.

జై ఆదివాసీ! జై భీమ్!